వెళ్ళకుండానే తిరిగొచ్చిన అమ్మాయి

శిక్షణ కేంద్రం గేటు పక్కన, వాచ్‌మన్ గది గోడకు ఆ యంత్రాన్ని బిగించిన రోజున అందరూ దాన్ని మెచ్చుకున్నారు, ఒక్క అమ్మాయి తప్ప. అరచేయంత నల్లటి పెట్టె. నడుమ బొటనవేలు ఆనించడానికి గాజు బిళ్ళ. పైన పచ్చ దీపం, కింద ఎర్ర దీపం. ఆ రోజే కొత్తగా చేరిన ఆ అమ్మాయి ఒక కన్ను మూసి, తల కాస్త వంచి చూసి, "ఎడమవైపుకి ఒరిగింది," అంది. బిగించినవాడు నవ్వి, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. యంత్రం మాత్రం ఒరిగే ఉండిపోయింది.

వారం తిరగకుండానే ఆమెకు మూలమట్టం అని పేరు పడింది. మూలమట్టమంటే ఒక పొట్టి చేయి, ఒక పొడుగు చేయి ఉన్న ఇనుప పనిముట్టు. రెండు అంచులు నిక్కచ్చిగా కలిశాయో లేదో అది చెబుతుంది. ఈమె కూడా అంతే. కిటికీ వంకర, బల్ల వంకర, నోటీసు బోర్డు వంకర అని, అడిగినా అడగకపోయినా చెప్పేది. ఫిట్టర్ షెడ్డులో ఆ పేరు పెట్టిందెవరో ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో పెట్టిన పేరు మాత్రం ఆ రోజు నుంచీ దరఖాస్తు కాగితాల్లోనే మిగిలింది.

యంత్రం ఒంటరిగా రాలేదు. దాని వెనుక నూట పన్నెండు పేజీల విధానం వచ్చింది. యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే కేంద్రాలన్నీ పాతబడిపోయాయని, వాటిని ఆధునికం చేయకపోతే యువత బతుకు చీకటేనని, పైన ఒక కమిటీ పదకొండు నెలలు కూర్చుని తేల్చింది. ఆ పుస్తకంలో 'పారదర్శకత' అన్న మాట డెబ్భై ఒక్కసార్లు ఉంది. 'ఆకురాయి' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. పాత హాజరు పట్టీలను గోనెసంచిలో కట్టి పంపేశారు. ఇకనుంచి మనిషి వచ్చాడో లేదో మనిషి చెప్పనక్కరలేదు, యంత్రమే చెబుతుంది.

ఫిట్టర్ షెడ్డు కేంద్రం వెనుక భాగంలో ఉండేది. రేకుల కప్పు, పొడుగాటి బల్ల, బల్లకు బిగించిన పన్నెండు వైసులు, వాటి ముందు పన్నెండుమంది. ఇనుప దిమ్మను వైసు దవడల్లో బిగించి, ఆకురాయితో రుద్ది, దాని ముఖాన్ని చదును చేయాలి. రుద్దాలి, చూడాలి, చూడాలి, రుద్దాలి. చదునైందనుకున్నాక మూలమట్టాన్ని దానికి ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టాలి. రెండింటి మధ్య వెంట్రుకవాసి వెలుగు కనిపించినా పని కాలేదన్నట్టే. ఆఖరున గరుకు ఎమరీ కాగితాన్ని బొటనవేలి కింద పెట్టి నున్నగా చేయాలి. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు, ముక్క పూర్తయినా కాకపోయినా, దాని అంచు మీద తమ నంబరూ ఆ రోజు తేదీ అంకెల అచ్చులతో సుత్తి దెబ్బ వేసి కొట్టాలి. ఇది ఫిట్టర్ మాస్టారు పెట్టిన పద్ధతి. 'ఏ రోజు చెయ్యి ఎంత తిన్నగా ఉందో నీకే తెలియాలి' అనేవాడాయన. నాలుగు రోజులు పట్టిన ముక్క మీద నాలుగు తేదీలు ఉండేవి.

ఏటా కోర్సు చివర్లో, ఊరి బయట నీటి పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి ఫోర్‌మన్ వచ్చి, ఇద్దరిని ఏరుకుని తీసుకువెళ్ళేవాడు. ఆయనకు చేయి నచ్చాలి, ఆయన ఆఫీసుకు సర్టిఫికెట్ కనబడాలి. సర్టిఫికెట్ రావాలంటే పరీక్షలో కూర్చోవాలి. మూలమట్టం కన్ను మొదటిరోజు నుంచీ ఆ రెండు ఉద్యోగాల్లో ఒకదాని మీదే ఉంది.

తొమ్మిది రోజులు పచ్చదీపం వెలిగింది. పదో రోజు ఎర్రదీపం వెలిగి, పెట్టెలోంచి ఒక తియ్యటి ఆడగొంతు, "హాజరు నమోదు కాలేదు. ధన్యవాదాలు," అంది.

"తుడుచుకుని పెట్టమ్మా," అన్నాడు వాచ్‌మన్.

తుడుచుకుని పెట్టింది. ధన్యవాదాలు.

"కాస్త ఊది పెట్టు."

ఊది పెట్టింది. ధన్యవాదాలు.

"నువ్వు రాలేదంటోంది."

"నీ ఎదురుగానే ఉన్నాను కదా, బాబాయ్."

"నాకు కనబడుతున్నావులే. నా మాట ఎవడు వింటాడు. నేనిక్కడ ఉన్నానని ఒప్పించడానికే నాకు ఆరేళ్ళు పట్టింది."

మాస్టారు ఆమె బొటనవేలిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ముక్కను చూసినట్టే చూశాడు. వేలి చివర గీతలు లేవు. ఎమరీ కాగితం ఇనుమును ఎంత నున్నగా చేసిందో వేలినీ అంతే నున్నగా చేసింది.

"పోయాయి," అన్నాడు. "పని పడుతోందన్నమాట."

"మరి మీకు ఎలా పడుతోంది సార్ హాజరు?"

"మాకింకా యంత్రం రాలేదు. ఉద్యోగుల సంగతి ఇంకో కమిటీ దగ్గరుందట. వాళ్ళు ఇంకా కూర్చోలేదు."

నెల గడిచేసరికి షెడ్డులో పన్నెండుమందీ మాయమయ్యారు, యంత్రం కళ్ళకు. ప్రిన్సిపాల్ పైకి రాశాడు. పైనుంచి జవాబు వచ్చింది: చేతి తొడుగులు వేసుకోవలెను. తొడుగులు వేసుకుంటే ఆకురాయి చేతికి అందలేదు, గేటు దగ్గర యంత్రానికి వేలు అందలేదు. మళ్ళీ రాశాడు. ఈసారి నాలుగు పేజీల సర్క్యులర్ వచ్చింది. వేళ్ళకు రాసుకోవలసిన నూనెల గురించీ, అరచేతుల వ్యాయామం గురించీ అందులో బొమ్మలతో సహా ఉంది. మూడోసారి రాస్తే, 'మీ సమస్య పరిశీలనలో ఉన్నది' అని ఒక్క ముక్క వచ్చింది. ఆ ఒక్క ముక్కను నోటీసు బోర్డుకు అంటించారు.

అందరూ ఒకేలా చదవలేదు దాన్ని. ఐదుగురు, ఎలాగూ మానేసినట్టే రాస్తున్నారు కదా అని, నిజంగానే మానేసి దొరికిన పనుల్లో చేరారు. ఆరుగురు ఆకురాయి కింద పెట్టేశారు. రోజూ తొమ్మిదింటికి వచ్చి, వైసుల ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఐదింటికి వెళ్ళేవారు. రెండు వారాలకు వాళ్ళ వేళ్ళ మీద గీతలు మొలిచాయి, పచ్చదీపం వెలిగింది. మూలమట్టం ఒక్కతే బోర్డు మీద రాసింది నమ్మింది. ప్రభుత్వం పరిశీలిస్తానన్నాక పరిశీలించకుండా ఎలా ఉంటుందని, రోజూ మునుపటిలాగే రుద్దింది. సాయంత్రం మాస్టారు బల్ల వెంబడి నడుస్తూ పైకే లెక్కపెట్టుకునేవాడు: "హాజరు ఆరు. పని ఒకటి."

ఇంట్లో ఈ సంగతికి నవ్వినవాడు బావ. అత్త కొడుకు, రెండు వీధుల అవతల ఇల్లు, ఏ పూట వచ్చినా సరిగ్గా కంచాలు పెట్టే వేళకే వచ్చేవాడు. అదే కేంద్రంలో 'డిజిటల్ భవిష్యత్తు' అనే కోర్సులో ఉన్నాడు. చల్లటి గది, చక్రాల కుర్చీలు, గోడల నిండా నవ్వుతున్న యువతీయువకుల బొమ్మలు. బావ బొటనవేలు పువ్వులా ఉండేది. తొమ్మిదింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి దాన్ని గాజు మీద ఆనించడమే అతని దినచర్య. మిగతా సమయం ఆ చక్రాల కుర్చీలోనే కళ్ళు మూసుకుని భవిష్యత్తు చూసేవాడు.

"ఏంటే, ఇవాళైనా పుట్టావా లేదా?" అన్నాడు బావ, చేయి కడుక్కుని కూర్చుంటూ.

"నీ కోర్సులో ఏం నేర్పారు బావా ఇవాళ?"

"మోటివేషన్."

"దేనికి?"

"అది రెండో భాగంలో చెప్తారట."

అమ్మ నవ్వు ఆపుకుంటూ వడ్డించింది. ఆమె ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది; ఇరవై ఏళ్ళుగా రోగుల దుప్పట్లు సోడానీళ్ళలో నానబెట్టి, ఉడికించి, పిండి, ఆరేసిన చేయి అది. కూతురి బొటనవేలి పక్కన తన బొటనవేలు పెట్టి చూసుకుంది.

"నావి ఎప్పుడో పోయాయి. బ్యాంకులో ఒకసారి నేను నేను కాదన్నారు."

"మరేం చేశావు?"

"మీ నాన్నని పిలుచుకెళ్ళాను. ఆయన వచ్చి, ఇది మా ఆవిడే అన్నాడు. అప్పుడు నమ్మారు."

"ఆయన్ని ఎలా నమ్మారు?"

"ఆయన వేలు పడింది కదే. ఆయనకేం, కూర్చుని చేసే పని."

"చూశావా అత్తయ్యా," అన్నాడు బావ. "పని చేస్తే ఇన్ని కష్టాలు."

ఎనిమిదో నెలలో పరీక్ష జాబితా వచ్చింది. హాజరు నూటికి ఎనభై ఉన్నవారి పేర్లు ఎడమవైపున, శిక్షణ మధ్యలో మానేసినవారి పేర్లు కుడివైపున ఉన్నాయి. మూలమట్టం కుడివైపున ఉంది. నూట అరవై రోజుల్లో వచ్చినవి తొమ్మిది, రానివి నూట యాభై ఒకటి. ఆమె రెండుసార్లు చదివి, మూడోసారి చదివేటప్పుడు జాబితా అంటించిన కాగితం వంకరగా ఉందని కూడా గమనించలేదు. నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. పైనుంచి సర్క్యులర్ వస్తే లేచి నిలబడి చదివే అలవాటు తప్ప ఆయనలో పెద్ద లోపాలేవీ లేవు.

"నువ్వు మానేశావు కదమ్మా," అన్నాడు, కంప్యూటర్ వైపు చూస్తూ.

"నేనెప్పుడు మానేశాను సార్. రోజూ వస్తున్నాను. పోయిన నెల మీ సొరుగు ఇరుక్కుపోతే వచ్చి అరగదీసింది నేనే కదా."

ప్రిన్సిపాల్ సొరుగు లాగి చూశాడు. వేలితో తాకితే చాలు, వెన్నలో జారినట్టు వచ్చింది. నెడితే చప్పుడు లేకుండా వెళ్ళింది. ఆయనకు ముచ్చటేసి మళ్ళీ లాగి, మళ్ళీ నెట్టాడు.

"చాలా బాగా చేశావు. ఏ రోజది?"

ఆమె తేదీ చెప్పింది. ఆయన కంప్యూటర్లో వెతికి, బాధగా తల ఊపాడు. "ఆ రోజు కూడా నువ్వు రాలేదమ్మా."

"మరి సొరుగు ఎవరు చేశారు సార్?"

"అది ఇందులో లేదు."

ఆ పరీక్షలో కూర్చోకపోతే ఫోర్‌మన్ ఆమెను చూసే ప్రసక్తే లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె కళ్ళలో నీళ్ళు రాలేదు గానీ, ముఖం వైసులో బిగించినట్టు బిగుసుకుంది. అది చూడలేక ప్రిన్సిపాల్ విధానం పుస్తకం తీసి, ఒక్కో పేజీ తిప్పసాగాడు. ఎనభై నాలుగో పేజీ దగ్గర ఆగాడు. అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు.

"శిక్షణ మధ్యలో మానేసిన యువతను తిరిగి రప్పించుట," అని చదివాడు. "అలా తిరిగి వచ్చినవారికి ప్రోత్సాహకంగా, హాజరుతో నిమిత్తం లేకుండా పరీక్షకు అనుమతి ఇవ్వవచ్చును. ప్రతి కేంద్రమూ ఏడాదికి కనీసం ఒకరిని రప్పించవలెను." ఆయన ముఖం వికసించింది. "మనకిది కూడా బాకీ ఉందమ్మా. మానేసిన ఐదుగురికీ నేనే ఫోన్ చేశాను. ఒక్కడూ వస్తాననలేదు. పనులు దొరికాయట వెధవలకి. నువ్వైతే దగ్గర్లోనే ఉన్నావు."

"తిరిగి రావాలంటే ముందు వెళ్ళాలి కదా సార్."

"గేటు బయట పది నిమిషాలు నిలబడితే చాలు. పైనుంచి సలహాదారుగారు వస్తారు. విధానం రాసింది ఆయనే. పూలగుత్తి ఇస్తారు. నువ్వు రెండే రెండు మాటలు చెప్పాలి. మానేశాను. విధానం నన్ను వెనక్కి తెచ్చింది. అంతే."

"చెప్పకపోతే?"

ప్రిన్సిపాల్ సొరుగును ఇంకోసారి మెల్లగా నెట్టాడు.

మూలమట్టం షెడ్డుకు వచ్చి మాస్టారుకు జరిగింది చెప్పింది. ఆయన విన్నాడు, చేతిలోని ముక్క మీద ఇనుప రజను ఊదాడు.

"మీరైతే ఏం చేస్తారు సార్?"

"నాకు సలహాలివ్వడం రాదమ్మాయ్. దాని కోసం వేరే ఆయన వస్తున్నాడుగా." ముక్కను కింద పెట్టి అన్నాడు: "ఒక్కటి చెప్తాను. ఎక్కువైన చోట రుద్దొచ్చు. ఎక్కువ రుద్దేశాక మళ్ళీ అంటించలేం. చూసుకుని రుద్దు."

ఆ సాయంత్రం ఆమె బల్ల కింది చెక్కపెట్టె లాగి, తన ముక్కలన్నీ బయటికి తీసింది. ఒక్కొక్క దాని అంచునా వేలితో తడిమి తేదీలు చదువుకుంది. గట్టిగా కొట్టిన అంకెలు, తొందరలో వాలిపోయిన అంకెలు, జ్వరం వచ్చినరోజు రెండుసార్లు పడిన ఒక మూడు. మొదటి తొమ్మిది రోజుల ముక్కలు పక్కన పెట్టింది. మిగిలినవి ముప్ఫై ఎనిమిది. వాటి మీద తేదీలు నూట యాభై ఒకటి. పనిముట్ల సంచిలో వేసి ఎత్తి చూసింది. భుజం ఒక్కసారిగా కిందికి దిగింది.

తిరిగి రప్పించే కార్యక్రమం సోమవారం పదింటికి. హాలు గుమ్మానికి రంగుకాగితాలు అంటించారు. వేదిక మీద తెర, తెర మీద విధానం ముఖచిత్రం. నూరు శాతం హాజరు ఉన్న ఏకైక అభ్యర్థి కావడంతో మైకు బావ చేతికి వచ్చింది. ముందువరుసలో ఆరుగురు చేతులు కట్టుకుని కూర్చున్నారు. చివరివరుసలో మాస్టారు కూర్చున్నాడు. పరిశ్రమల ప్రతినిధి కావాలని పంపుల ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌ని కూడా పిలిచారు.

అతిథులంతా గేటు దగ్గర వేలు పెట్టి లోపలికి రావాలన్నది సలహాదారు ఆలోచన. ముందు ఆయనే పెట్టాడు. సన్నగా, చక్కగా, పెదవులకన్నా మృదువుగా ఉన్న బొటనవేలు; గాజుకు తగలకముందే పచ్చదీపం వెలిగినట్టు అనిపించింది. ప్రిన్సిపాల్‌కి రెండోసారికి వెలిగింది. ఫోర్‌మన్ వేలు పెట్టగానే ఆ తియ్యటి గొంతు ధన్యవాదాలు చెప్పింది.

"మీరు రాలేదంట సార్," అన్నాడు వాచ్‌మన్, ఆయన ముఖంలోకి చూడలేక.

"అలాగా," అన్నాడు ఫోర్‌మన్. "రానివాళ్ళకి కుర్చీ ఎక్కడేస్తారు?"

గేటు బయట పూలగుత్తి పట్టుకుని, భుజాన సంచితో నిలబడి ఉన్న మూలమట్టం ఆ మాట విని తల తిప్పింది. ఫోర్‌మన్ ఆమె చేతులను చూశాడు. లోపలికి వెళ్ళాడు.

"దారి తప్పి ఎక్కడెక్కడో తిరిగి, చివరికి విధానం చూపిన వెలుగులో దారి తెలుసుకున్న ఒక యువతి," అని మైకులో బావ గొంతు వినిపించింది. వాచ్‌మన్ గేటు తీశాడు. రోజూ తొమ్మిదింటికి దాటే గడపను ఆ రోజు ఆమె పదీ పదికి దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వేదిక మీద సలహాదారు ఆమె తల మీద చేయి పెట్టబోయి, ఫొటోలో ఎలా పడుతుందో ఆలోచించి, భుజం పక్కన గాలిలో ఆపాడు.

"ఎన్ని రోజులు దూరమయ్యావమ్మా మనకి?"

"యంత్రం లెక్కలో నూట యాభై ఒక్క రోజులు సార్."

"ఆ రోజులన్నీ ఎక్కడున్నావు? ఏం చేశావు? మొహమాటపడకుండా చెప్పు. నిన్ను చూసి మిగతా యువత కూడా తిరిగొస్తుంది."

ప్రిన్సిపాల్ పెదవులు కదిలాయి. ఆమెకు చెప్పిపెట్టిన రెండు మాటలూ ఆయన తనలో తాను చెప్పుకుంటున్నాడు. ఆమె చివరివరుస వైపు చూసింది. మాస్టారు తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఆమె గొంతు తిన్నగా వచ్చింది.

"ఇక్కడే ఉన్నాను సార్. వెనక షెడ్డులో, కిటికీ పక్కన రెండో వైసు దగ్గర."

హాలులో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"యంత్రానికి నేను కనబడలేదు. నేను మానలేదు సార్. కావాలంటే చూడండి."

సంచి విప్పి, తెల్లటి బట్ట పరిచిన బల్ల మీద ముక్కలు ఒక్కొక్కటే పెట్టసాగింది. ఇనుము బల్లను తాకిన చప్పుడు ముప్ఫై ఎనిమిదిసార్లు వినిపించింది. బావ మైకు కిందికి దించాడు. ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. పైనుంచి వచ్చిన మనిషి ముందు, పైనుంచి వచ్చిన యంత్రం తప్పని ఎవరో అనడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి.

సలహాదారు ఒక ముక్క తీసుకున్నాడు. అంచున కొట్టిన తేదీ చదివాడు. లాప్‌టాప్ తెరిచి ఆ తేదీ చూశాడు. ఆ రోజు ఆమె రాలేదు. ఇంకో ముక్క. ఆ నాలుగు రోజులూ రాలేదు. మరో ముక్క. ఆయన నుదురు ముడిపడింది, కళ్ళు చిన్నవయ్యాయి, తర్వాత మెల్లగా పెద్దవయ్యాయి. ఒక పెద్ద తప్పును మనిషి తన కళ్ళతో తాను చూసుకునే క్షణం ఎలా ఉంటుందో చూడాలని మాస్టారు తల ఎత్తాడు.

"గొప్ప విషయం," అన్నాడు సలహాదారు. హాలు వైపు తిరిగాడు. "మీకు అర్థమవుతోందా? ఈ అమ్మాయి మన కేంద్రానికి రానేలేదు. నూట యాభై ఒక్క రోజులు రాలేదు. అయినా ఇంత పని నేర్చుకుంది. మన సాయం లేకుండా, మన షెడ్డు లేకుండా, తనంతట తాను. యువత అంటే ఇదీ."

"సార్, నేను షెడ్డులోనే," అంది ఆమె.

"వినయం కూడా ఉంది," అన్నాడాయన.

చప్పట్లు మోగాయి. అందరికన్నా ముందు కొట్టింది బావ. ప్రిన్సిపాల్ ఎంతసేపు కొట్టాడంటే, చివరికి ఆయన ఒక్కడివే వినిపించాయి. ఆ సందడిలో ఫోర్‌మన్ లేచి వచ్చి, ఒక ముక్క తీసుకుని, అంచు వెంబడి గోరు పోనిచ్చాడు. జేబులోంచి తన మూలమట్టం తీసి ఆనించి కిటికీకేసి ఎత్తి పట్టాడు. చాలాసేపు చూశాడు. వెలుగు రాలేదు.

"ఎవరు నేర్పారు?" అన్నాడు, ఆమెకు మాత్రమే వినిపించేలా.

ఆమె చివరివరుస వైపు వేలు చూపించింది. ఫోర్‌మన్ అటు చూసి తల ఊపాడు. అటునుంచి మాస్టారు కూడా ఊపాడు.

"పరీక్ష కానిచ్చుకుని రా," అన్నాడు ఫోర్‌మన్, ముక్కను ఎక్కడ తీశాడో అక్కడే పెడుతూ.

పరీక్షకు అనుమతి ఆ సాయంత్రమే వచ్చింది. చదరపు కన్నంలో చదరపు ముక్కను, ఎటు తిప్పి పెట్టినా వెలుగు రాకుండా కూర్చోబెట్టాలి. ఆరు గంటల గడువు. ఏడుగురు కూర్చున్నారు. హాజరు ఎనభై దాటిన ఆరుగురికీ వేళ్ళ మీద గీతలు తప్ప చేతిలో ఇంకేమీ లేదు; మధ్యాహ్నానికే వాళ్ళ అరచేతులు బొబ్బలెక్కాయి, ముక్కలు కన్నాల్లో గిలకల్లా ఆడాయి. మూలమట్టం నాలుగు గంటల ముప్ఫై నిమిషాలకు ఆకురాయి కింద పెట్టింది. పరీక్షాధికారి ముక్కను నాలుగువైపులా తిప్పి పెట్టి చూసి, అయిదోసారి ఉత్త సరదా కోసం తిప్పి పెట్టాడు.

ఫలితాల మీద సలహాదారు నివేదిక రాశాడు. లెక్క ప్రకారం దాన్ని ఎవరూ కాదనలేరు. షెడ్డుకు క్రమం తప్పక హాజరైన ఆరుగురూ తప్పారు. షెడ్డుకు రాని ఒక్కతే నెగ్గింది. కావున యువత నేర్చుకోవడానికి షెడ్డే ప్రధాన అవరోధమని స్పష్టమవుతున్నది. దాన్ని మూసివేసి, ఆ స్థలంలో యువత స్వేచ్ఛగా ఆలోచించుకోవడానికి మెత్తటి దిండ్లతో ఒక ప్రాంగణం ఏర్పాటు చేయవలెను. నివేదికలో ఆమె ఫొటో ఉంది, పూలగుత్తి ఉంది. 'నేను మానలేదు' అన్న మాట లేదు. పరిశ్రమల ప్రతినిధి కార్యక్రమానికి హాజరు కాలేదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

రెండు వారాల తర్వాత ఆమె సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చింది. తీసుకున్నాక షెడ్డు వైపు వెళ్ళింది. వైసులు ఊడదీసిన చోట బల్ల మీద పన్నెండు చతురస్రాలు కొత్త చెక్కలా మెరుస్తున్నాయి. మాస్టారు ఒక మూల కుర్చీలో కూర్చుని, ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని దాన్ని వేలితో రుద్దుతున్నాడు.

"ఏంటి సార్ అది?"

"ఆకురాయి. ఇందులో ఉందట. ఇక్కడ వేలితో రాస్తే అక్కడ ఇనుము అరుగుతుందట. వచ్చే ఏడాదినుంచి ఇదే నేర్పాలి." ఇంకోసారి రుద్దాడు. తెర కదల్లేదు. "నా వేలు దీనికీ నచ్చలేదు."

"మీ బదులు ఎవరు నేర్పుతారు?"

"మీ బావ. దానికి వేలు బాగుండాలి కదా."

ఆమెకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. నవ్వు ముందు వచ్చింది. ఆయన కూడా నవ్వాడు. ఆమె వెళ్ళేముందు ఆయన సర్టిఫికెట్ అడిగి తీసుకుని, కిటికీకేసి ఎత్తి చూశాడు, అలవాటు కొద్దీ.

"సరిగ్గానే ఉంది," అని ఇచ్చేశాడు.

గేటు దగ్గర ఆమె ఆగింది. "బాబాయ్, స్క్రూడ్రైవర్ ఉందా?"

వాచ్‌మన్ గదిలోంచి తెచ్చి ఇచ్చాడు. ఆమె యంత్రం అడుగున ఉన్న మర సడలించి, పెట్టెను కుడివైపుకి ఒక గోరంత లేపి, ఒక కన్ను మూసి చూసి, మర బిగించింది. పరీక్ష అయినప్పటినుంచీ ఆకురాయి పట్టలేదు కదా అని గుర్తొచ్చి, ఊరికే బొటనవేలు ఆనించింది. పచ్చదీపం వెలిగింది.

"స్వాగతం," అంది తియ్యటి గొంతు. "మీ హాజరు నమోదైంది. ధన్యవాదాలు."

"చూశావా," అన్నాడు వాచ్‌మన్. "నిటారుగా పెట్టేసరికి పనిచేసింది."

ఆమె అతన్ని దిద్దలేదు.

మర్నాడు ఉదయం పంపుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ బల్ల మీద మడతలు పడ్డ ఒక పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు కనిపించాయి. సంతకం పెట్టమన్నాడు.

"ఇక్కడ యంత్రం లేదా సార్?"

"ఉంది. సామాన్ల గదిలో. అది పెట్టిన నెల ఫ్యాక్టరీకి ఎవరూ రాలేదు. పంపులు మాత్రం తొంభై తయారయ్యాయి." ఆమె చేయి తిప్పి బొటనవేలు చూశాడు. "గీతలు మళ్ళీ వచ్చాయే."

"రెండు వారాలు ఖాళీగా ఉన్నాను సార్."

"పోతాయిలే," అని ఆయన ఒక ఇనుప దిమ్మ, ఒక ఆకురాయి ఆమె ముందు పెట్టాడు. ఆమె దిమ్మను వైసులో బిగించి, ముందు వైసును ఒక కన్నుతో చూసింది.

"ఎడమవైపుకి ఒరిగింది సార్," అంది.

ఫోర్‌మన్ వంగి చూశాడు. "అవునా," అని స్పానర్ అందుకున్నాడు.